పోపులోకి పెరటి ఆకు

పోపు గరిటెలో ఆవాలు చిటపటమన్నాకే మా మేనత్త పెరట్లోకి దిగేది. నాలుగడుగులు అటు, ఒక రెమ్మ తుంచడం, నాలుగడుగులు ఇటు. జీలకర్ర మాడేలోపు కరివేపాకు నూనెలో పడేది. ఆ చారు వాసన వీధి అరుగు మీద కూర్చున్నవాళ్ళకి తెలిసేది. సంచీలో మూడు రోజులు మగ్గిన ఆకుతో అంత వాసన ఎవరు తెప్పించగలరు?

ఆమె రెమ్మ తుంచే తీరు చూసి తీరాలి. ఈనెకున్న ఆకుల్ని ఒక్కొక్కటిగా దూయదు. కొమ్మ చివర, కణుపుకి కాస్త పైన, బొటనవేలి గోటితో టక్కున గిల్లుతుంది. గిల్లిన చోట రెండు చిగుళ్ళు లేస్తాయి. పూత గుత్తి కనబడితే అదీ గిల్లేస్తుంది. "పూతకి బలం పోతే ఆకు చిన్నబోతుందిరా" అనేది. ఇరవై ఏళ్ళు ఆ చెట్టుని తన భుజం ఎత్తు దాటనివ్వలేదు. కోసినకొద్దీ గుబురెక్కింది. ఎరువంటారా, పులిసిపోయిన మజ్జిగలో నీళ్ళు కలిపి వారానికోసారి పాదులో పోసేది. నిమ్మజాతి చెట్లని తినే సీతాకోకచిలుక గొంగళ్ళు దీన్నీ వదలవు. వాటిని పొద్దున్నే చీపురుపుల్లతో ఏరి అవతల పడేసేది. అంతకు మించిన తోటమాలిని నేను చూడలేదు.

చరిత్ర నాకు ఆట్టే తెలియదు. శాస్త్రజ్ఞులు దీనికి పెట్టిన లాటిన్ పేరులో ఉన్న కోనిగ్, లిన్నేయస్ శిష్యుడట. 1785లో మన కాకినాడ జగన్నాథపురంలోనే కన్నుమూశాడు. తెలంగాణలో దీన్ని కల్యామాకు అంటారు. ఎక్కడైనా చిన్నాకు, ముదురు రంగు, ఎర్ర ఈనె ఉన్న నాటు రకానిదే వాసన అని నా పక్షం. వెడల్పాటి ఆకులు చూపుకి బాగుంటాయి, అంతే.

కొత్తిమీరది మరో విద్య. ధనియం ఒక్క గింజ కాదు, రెండు బద్దలు. అరచేత్తో నలిపి విడదీసి, రాత్రంతా నానబెట్టి, వేలి కణుపు లోతు కూడా వేయకుండా పైపైన మట్టి కప్పాలి. ఎండాకాలం నీడపట్టున లేకపోతే ఆకు వేయకముందే పూతకొస్తుంది. పుదీనాకి విద్యే అక్కర్లేదు: వంటకి ఆకు దూసుకున్న కాడని గ్లాసు నీళ్ళలో పెడితే వారానికి వేళ్ళు వస్తాయి. విడి కుండీలో పెట్టండి, లేకపోతే పక్క మొక్కల్ని మింగేస్తుంది.

ఇంత సులువైనదాన్ని మనం ఎందుకు వదులుకున్నాం? పెరడంతా సిమెంటు చేసి కార్లు పెట్టుకున్నాం. అపార్టుమెంటు బాల్కనీల్లో ప్లాస్టిక్ పూలతీగలు వేలాడుతున్నాయి, కరివేపాకు కుండీకి మాత్రం చోటు లేదట! కూరగాయల బండి దగ్గర కొసరుగా వచ్చే ఆకుని ఏ మందు కొట్టి పెంచారో అడిగేవాళ్ళు లేరు. పురుగుమందుల అవశేషాలున్నాయేమోనని యూరప్ వాళ్ళు మన కరివేపాకుని ప్రత్యేకంగా పరీక్షిస్తున్నారు. మన ఇళ్ళల్లో పిల్లలకి మాత్రం పరీక్ష లేకుండానే పెడుతున్నాం. ఇక ప్యాకెట్లో వచ్చే ఎండాకు పొడి! గడ్డిపొడికీ దానికీ తేడా నా ముక్కుకి తెలియలేదు.

దూరమైనవాళ్ళకే దీని విలువ తెలిసింది. నారింజ తోటల్ని చంపే తెగులుని మోసే పురుగు ఈ ఆకు మీదా బతుకుతుంది కనుక అమెరికాలోకి పచ్చి ఆకు తీసుకెళ్ళనివ్వరు. అక్కడి మన ఆడపడుచులు కుండీలో పెంచి, చలికాలం రాగానే ఇంట్లోకి మోసి, కిటికీ పక్కన పెట్టి పసిబిడ్డలా కాపాడుకుంటున్నారు. మంచు కురవని మన ఊళ్ళల్లో మనకేం అడ్డం?

తొలకరి పడగానే పాత చెట్టున్న ఇంటికి వెళ్ళి, వేరు మీద లేచిన పిలక ఒకటి అడిగి తెచ్చుకోండి. పిలక దొరక్కపోతే వానాకాలంలో నల్లబడ్డ పళ్ళు నాలుగు కోసి, గుజ్జు పిసికేసి, ఆ రోజే కుండీలో వేయండి. దాచి ఎండబెట్టిన గింజ మొలవదు.