జింక్ ఉంటేనే పని

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో చేప పేగులు, రొయ్య పొట్టు పడి నానే మట్టి, దారిన పోయేవాళ్లకు కంపు. మైక్రోబయాలజీ చదివే పిల్లలకు అది సరుకు. చిటికెడు మట్టిని నీళ్లలో కలిపి, పాలపొడి వేసిన అగర్ ప్లేటు మీద పరిచి ఇన్‌క్యుబేటర్‌లో పెడతారు. మర్నాటికి కొన్ని చుక్కల చుట్టూ పాల తెలుపు పోయి తేటపడుతుంది. అక్కడి బాక్టీరియా కేసిన్‌ను అరిగిస్తోందన్నమాట.

అలా అరిగించే ఎంజైమ్ జన్యువును పీసీఆర్‌తో పెంచి, ప్లాస్మిడ్‌లో అతికించి, ఈ.కోలిలోకి ఎక్కించడం పుస్తకంలో నాలుగు లైన్లే. అసలు కష్టం తర్వాత. జింక్‌తో ప్రోటీన్లను కోసే థర్మోలైసిన్ లాంటి ఎంజైములు ముందువైపు ఒక అదనపు ముక్కతో తయారవుతాయి. మడత సరిగ్గా పడేందుకు ఆ ముక్కే సాయం. అనవసరమని తీసేస్తే ప్రోటీన్ ముద్దకట్టి కూర్చుంటుంది.

నాకు ఎక్కువ గౌరవం కలిగించేది ఆ తర్వాతి పరీక్ష. ఈడీటీఏ అనే రసాయనం వేస్తే అది ఎంజైమ్ నడుమ ఉన్న జింక్‌ను లాగేస్తుంది, పని ఆగిపోతుంది. కాల్షియం కూడా పోతే, ఇంకా పనిచేస్తున్న కొద్దిపాటి ఎంజైమ్ మిగతా ఎంజైమ్‌ను కోసేస్తుంది. అందుకే కాల్షియం పోకుండా చూసుకుంటూ, ఓపిగ్గా ఈడీటీఏను తొలగించి, పిపెట్‌తో జింక్‌ను కొద్దికొద్దిగా కలుపుతారు. కేసిన్ మళ్లీ కరిగితే లోహమే ఆధారమని తేలినట్టు. జింక్ ఎక్కువైనా అదే అడ్డుపడుతుంది! ఆ బొటనవేలి నేర్పు స్టీల్ ప్లాంట్‌లో కరిగిన ఇనుము చూసుకునేవాడి నేర్పుకు తీసిపోదు.

ఇలా ప్రోటీన్లను కోసే ఎంజైములతో తోళ్ల మీది వెంట్రుకలు ఊడదీయొచ్చు. తీపినిచ్చే ఆస్పర్టేమ్ తయారీలోనూ థర్మోలైసిన్‌ను వాడారు.