చాపా, మెట్టూ: రెండు కంటాసుపత్రులు

హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి గురించి మనవాళ్లకు చెప్పనక్కర్లేదు. మదురై అరవింద్‌ను మాత్రం చాలామంది పేరు వరకే ఎరుగుదురు. సర్కారు కొలువు నుంచి రిటైరైన డాక్టర్ జి. వెంకటస్వామి 1976లో 11 మంచాలతో దాన్ని మొదలుపెట్టారు. కీళ్లవాతానికి వంకరపోయిన వేళ్లతోనే కంటి ఆపరేషన్లు చేయడం సాధన చేసిన మనిషాయన. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు అమెరికా నుంచి తిరిగొచ్చి, సినీ దర్శక నిర్మాత ఎల్వీ ప్రసాద్ కుటుంబం ఇచ్చిన స్థలం, విరాళాలతో 1987లో ఇక్కడి సంస్థను నిలబెట్టారు. కలిగినవాళ్లు కట్టే ఫీజుతో లేనివాళ్ల వైద్యం జరగాలన్నది ఇద్దరి పట్టుదలా.

అరవింద్‌లో ఉచితమా, ఫీజా అన్నది రోగే తేల్చుకుంటాడు. ఫీజు కట్టినవాళ్లకు గది, ఉచిత వార్డులో చాప. ఆ చాప దగ్గర నా మనసు మొదట ఒప్పుకోలేదు. అయితే గదివాళ్లకైనా చాపవాళ్లకైనా వంతులవారీగా ఆపరేషన్ చేసేది ఒకే డాక్టర్లు. పైగా పేదవాడినని రుజువు చేసుకోమని ఎవరూ అడగరు. ఆదాయ సర్టిఫికెట్ కోసం మండలాఫీసు చుట్టూ తిరిగినవాళ్లకు ఈ మర్యాద విలువ తెలుసు. కంట్లో అమర్చే విదేశీ లెన్సు ఖరీదు మోయలేనిది కావడంతో 1992లో అరోల్యాబ్ పెట్టి సొంతంగా తయారుచేశారు. శుక్లం తీశాక పేదవాడికి సోడాబుడ్డి అద్దాలే గతి అన్న మాట అలా చెరిగిపోయింది.

ఎల్వీ ప్రసాద్ వాళ్ల చూపు రోగి ఆసుపత్రికి రావాల్సిన దారి మీద పడింది. 1996లో అప్పటి ఆదిలాబాద్ జిల్లా ముధోల్‌లో కంటాసుపత్రి తెరిచారు. దాని కింద, సుమారు 50 వేల జనాభాకొకటి చొప్పున, కంటి పరీక్షలు చేసే విజన్ సెంటర్లు. మెట్టు మెట్టుగా కట్టిన ఏర్పాటిది. అలాగే, ఇక చూపు రాదని తేలినవాళ్లకు చేతికర్రతో నడక, బ్రెయిలీ నేర్పుతారు. బాగుచేయలేని కంటినీ తన బాధ్యతే అనుకున్న ఈ ఆసుపత్రి మీద నాకు ప్రత్యేకమైన గౌరవం.

అరవింద్‌కూ దూరమే పాఠం చెప్పింది. పల్లెల్లో ఉచిత క్యాంపు పెట్టినా అవసరమున్నవాళ్లలో కొద్దిమందే వచ్చారు. బస్సు ఛార్జీ, పోయే కూలి, కత్తంటే భయం ఆపేశాయి. దాంతో బస్సు, భోజనం తామే పెట్టుకున్నారు; తర్వాత వాళ్లూ విజన్ సెంటర్లు తెరిచారు. ఇంతకీ చూపు పోయేది ఎక్కువగా ఎవరికి? 1990ల చివర ఎల్వీ ప్రసాద్ వాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో చేసిన సర్వేలో అంధత్వం ఆడవాళ్లలో, పేదల్లో, పల్లెల్లో ఎక్కువని తేలింది.

ఈ మూడూ కలిసిన మనిషి ఏ ఊళ్లోనైనా కనిపిస్తుంది. అరుగు మీద కూర్చుని, వచ్చింది ఎవరో గొంతు బట్టి పోల్చుకునే అవ్వ. ఆపరేషన్ ఉచితమే, బస్సూ వచ్చింది. కానీ ఆమె వెంట వెళ్లడానికి రెండు రోజుల కూలి మానుకోగల మనిషి ఆ ఇంట్లో ఉండాలి.