కట్టుబడి భూమిలో ఆమె ఎక్కడ?

2019లో వచ్చిన ‘సైరా నరసింహారెడ్డి’ సినిమాలో రేనాటి కథ చెప్పేది ఒక స్త్రీ. 1857లో ఝాన్సీ లక్ష్మీబాయి తన సైనికులకు ధైర్యం నూరిపోయడానికి ఉయ్యాలవాడ వీరుడి కథ ఎత్తుకుంటుంది. గొంతు ఆమెదే. కానీ కథలో ఆడవాళ్లకు దక్కినవి తల్లి, భార్య, ప్రియురాలి పాత్రలే. నాట్యకత్తె లక్ష్మి కూడా ప్రాణత్యాగంతోనే గొప్పదవుతుంది. ఈ వీరగాథను భూమి కథగా చదివితే?

రాయలసీమ అప్పట్లో సరిహద్దు నేల. మైసూరు, నిజాం, కంపెనీ రాజ్యాల నడుమ నలిగిన నేల. అక్కడ బంట్లను నిలిపింది జీతం కంటే భూమి. ఆయుధం పట్టి కాపలా కాసినందుకు తక్కువ పన్నుతో అనుభవించే భూమే కట్టుబడి ఇనాం. 1800లో నిజాం ఈ జిల్లాలను కంపెనీకి అప్పగించాడు. కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 నాటికి పాలెగాళ్ల బలం విరిచాడు. కొన్ని కుటుంబాలకు పింఛన్లు మిగిలాయి. నరసింహారెడ్డికి వచ్చింది నెలకు 11 రూపాయల పైచిలుకు. బంధువుల పింఛను ఆగిపోతే అందులో ఆయనకు వాటా దక్కలేదు. అదే సమయంలో కట్టుబడి ఇనాములను సర్కారు లాగేసుకుంటుందన్న కలవరం పుట్టింది. 1846లో కోవెలకుంట్ల ఖజానా మీదికి బంట్లు ఆయన వెంట నడవడానికి ఈ కలవరం పెద్ద కారణం. 1847 ఫిబ్రవరి 22న ఆయన్ని ఉరి తీశారు.

ఈ ఏర్పాటులో హక్కు ఆయుధం పట్టిన చేతిది. మరి కొడవలి పట్టిన చెయ్యి? మగవాడు కాపలాకు పోయినా, తిరుగుబాటుకు పోయినా జొన్నచేలో కలుపు ఆగదు, కోత ఆగదు. ఇనాం పోతే పోయేది బంటు పరువొక్కటే కాదు, ఆ ఇంటి గింజలు. సినిమా మాత్రం పరువునే చూసింది. నేనుండే నెల్లూరు తీరపు కోటలో నాట్లు వేసేది ఆడవాళ్లు. ‘రైతు’ అనగానే మనసులో మెదిలేది మగవాడు. కట్టుబడి లెక్క మన మాటల్లో ఇంకా చెల్లుతూనే ఉంది.

అన్నిటికంటే నన్ను బాధించింది కథకురాలి ఎంపిక. దత్తపుత్రుణ్ణి వారసుడిగా ఒప్పుకోక 1854లో కంపెనీ ఝాన్సీని కలిపేసుకుంది. వారసత్వం కోసం కలం పట్టి, ఆ తర్వాత కత్తి పట్టిన వితంతువు ఆమె. ఉరికొయ్య దగ్గర కథ ఆపకుండా, ఆ బంట్ల భార్యలు ఏ భూమి మీద బతికారని అడగగలిగిన మనిషి. సినిమా ఆమెకు గొంతు ఇచ్చి, ఆ ప్రశ్నను లాగేసుకుంది. వీరుల చరిత్రలు తిరగరాస్తున్న మనం ముందుగా అడగాల్సింది ఆ ప్రశ్నే.