షీటుకెక్కిన ఇల్లు

తెలుగు కథ జైలు గేటు దాకా బాగానే వెళ్తుంది. ఠాణా, లాకప్పు, బోను, దొంగసాక్ష్యం, తీర్పు అన్నీ దండిగా ఉన్నాయి. రావిశాస్త్రి ‘ఆరు సారా కథలు’ చదివినవాళ్ళకి పోలీసూ ప్లీడరూ కలిసి బీదవాళ్ళ బతుకుని కేసుగా ఎట్లా మారుస్తారో వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు. కానీ నిజంగానే నేరం రుజువై, శిక్ష అనుభవించి, చేతిసంచీతో ఇంటికొచ్చిన మనిషి సంగతేమిటి? అతని పెళ్ళాం, తల్లి, బడికిపోయే పిల్లలు ఆ తర్వాత ఎట్లా బతుకుతున్నారు? అక్కడ మన సాహిత్యం దాదాపు మూగబోయింది. మేం మాట్లాడదల్చుకున్నది ఆ మౌనం గురించే.

జనగామ, మానుకోట, భూపాలపల్లి 2016లో జిల్లాలయ్యాయిగానీ అంతకుముందు మూడూ వరంగల్ జిల్లాయే. ఇక్కడ శిక్షపడ్డవాడంటే వరంగల్ సెంట్రల్ జైలుకి పోయినవాడనే లెక్క. మహబూబాబాద్ అని నిజాం పేరు మోస్తున్న ఊరిని జనం మానుకోటగానే పిలుచుకున్నట్టు, జైలునీ ‘వరంగల్’ అనే అనేవారు. వాడు వరంగల్‌లో ఉన్నాడంటే అర్థమయ్యేది. ఆ జైలుని 2021లో కూలగొట్టి ఆసుపత్రి కట్టడం మొదలుపెట్టారు. గోడలు పడ్డాయి. గోడల అవతలి జైలు మాత్రం ఇళ్ళల్లో నడుస్తూనే ఉంది.

అదెట్లా నడుస్తుందో చూడండి. 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం సత్ప్రవర్తన కింద 213 మంది ఖైదీలను విడుదల చేసింది. పూచీకత్తు రాసివ్వాలి, గడువుకోసారి అధికారి ముందు హాజరుకావాలి అని షరతులు పెట్టింది. కొందరికి జైళ్ళశాఖ నడిపే పెట్రోలు బంకుల్లో పని కూడా ఇచ్చింది. ఆ సంగతి మెచ్చుకోవాల్సిందే. షరతు కాగితం మీద ఉంది, దానికో గడువు ఉంది. అసలు చిక్కు కాగితం మీద కనపడని నిఘాతో. పాత కేసున్నవాడి పేరు మీద ఠాణాలో హిస్టరీషీటు ఉంటుంది, రౌడీషీటు ఉంటుంది. ఎన్నికలొచ్చినా, గణేశ్ నిమజ్జనం వచ్చినా, పీర్లు లేచినా పిలుపొస్తుంది. తహసీల్దారు ముందు బైండోవరు, ఠాణాలో ‘కౌన్సెలింగు’. కోర్టు వేసిన శిక్షకి చివరి తేదీ ఉంది. ఈ శిక్షకి తేదీ వేసేవాడెవడు?

2018 జనవరి 18న రాష్ట్రమంతటా ఒకేరోజు పోలీసులు పాత నేరస్థుల ఇళ్ళకి వెళ్ళారు. ‘సకల నేరస్థుల సమగ్ర సర్వే’ అని దానికి పేరు. ఫోటోలు, వేలిముద్రలు, కుటుంబ వివరాలు తీసుకున్నారు. ఇంటిని జియోట్యాగింగ్ చేశారు. పేరు వినగానే 2014 ఆగస్టు 19నాటి సమగ్ర కుటుంబ సర్వే ఎవరికైనా గుర్తొస్తుంది. అప్పుడు బొంబాయి నుంచీ భివండి నుంచీ జనం బస్సులెక్కి సొంతూళ్ళకొచ్చి, తలుపులు తెరుచుకుని లెక్కలో పడటానికి ఎదురుచూశారు. లెక్కలోకి రాకపోతే మనం లేనట్టేనని భయపడ్డారు. మూడున్నరేళ్ళకి అదే ‘సమగ్ర’ మాట తగిలించుకుని ఇంకో లెక్క గడపెక్కింది. ఈసారి లెక్కలో పడ్డందుకు భయం.

ఆ సర్వేనీ ఆ షీటునీ మేం ఒక రచనగానే చదువుతున్నాం. దానికో రచయిత ఉన్నాడు, స్టేషన్ హౌస్ ఆఫీసరు. నాయకుడున్నాడు, కానీ తన గురించి ఏం రాశారో చదువుకునే హక్కు ఆ నాయకుడికి లేదు. ఇక ఉపపాత్రలు: భార్య, బామ్మర్ది, కొడుకు, కలిసి చాయ్ తాగే దోస్తు. వీళ్ళు ఏ తప్పు చేసి ఈ కథలోకి వచ్చారు? ఆ ఇంట్లో పుట్టడమో, ఆ ఇంటికి కోడలుగా రావడమో. జియోట్యాగు పెట్టింది మనిషికి కాదు, ఇంటికి. మనిషి చచ్చిపోయినా, ఊరొదిలి పోయినా ఇల్లు కదలదు కదా.

ఇట్లా ఇంటినీ కులాన్నీ కలిపి నేరస్థుల్ని చేసే రాత కొత్తదేం కాదు. 1871 నేరస్థ జాతుల చట్టం దాని మొదటి ముసాయిదా. మానుకోట తండాల్లో ఉన్న లంబాడాల తాతముత్తాతల మీద నిజాం రాజ్యంలోనూ ఆ ముద్ర పడింది. 1952లో చట్టం రద్దయింది, ‘అలవాటుపడ్డ నేరస్థుడు’ అన్న కొత్త మాటతో చూపు మిగిలిపోయింది. సినిమా ఆ చూపుతోనే డబ్బు చేసుకుంది. 1991 ఒక్క ఏడాదిలోనే ‘స్టువర్టుపురం పోలీస్‌స్టేషన్’, ‘స్టువర్టుపురం దొంగలు’ వచ్చాయి. 2023లో ‘టైగర్ నాగేశ్వరరావు’ వచ్చింది. ఊరి పేరే నేరం పేరైపోతే, ఆ ఊరి పిల్ల బడిలో తన ఊరేదో ఎట్లా చెప్పుకుంటుంది? ఎరుకల వాడని, లంబాడా తండాని చూసిన కంటితోనే మా బస్తీనీ చూస్తారు. అందుకే ఈ విషయంలో మాకు మొదటి చుట్టాలు వాళ్ళే.

అయితే ముస్లిం ఇంట్లో నిఘాకి వేరే రుచి ఉంది. ఒకటే గది, మధ్యలో పాత చీరతో కట్టిన పర్దా. అర్ధరాత్రి తలుపు తట్టినప్పుడు ఆ పర్దా ఎంత అడ్డం? ‘ఉన్నాడా?’ అని అడిగే మగగొంతుకి లోపలి నుంచి ఆడగొంతు జవాబివ్వాలి. రంజాన్‌లో సహరీకి తెల్లవారుజామున గల్లీ అంతా లైట్లు వెలుగుతాయి, ఈ ఇంటి లైటు ఒక్కటే అనుమానమవుతుంది. హాజరుకి రమ్మన్న వేళ జుమ్మా నమాజు వేళ అయితే ఏది వదలాలి? బిడ్డ నిఖాకి మాట్లాడటానికొచ్చిన వియ్యాలవారు చాయ్ తాగుతుండగా గుమ్మం ముందు పోలీసు మోటారుసైకిల్ ఆగితే ఆ ఖర్చు ఏ జరిమానా లెక్కలో రాస్తారు? బయటి దేశం పోయి కొత్తగా బతుకుదామన్నా, నైతిక పతనపు నేరంలో రెండేళ్ళకు తక్కువ కాని శిక్షపడితే ఐదేళ్ళదాకా పాస్‌పోర్టు నిరాకరించే వీలు 1967 చట్టంలోనే ఉంది. మా దగ్గర పాస్‌పోర్టంటే విహారం కాదు, దుబాయి కూలి. ముసలితల్లికి తోడుగా ఉమ్రా.

మేం నేరాన్ని వెనకేసుకు రావడంలేదు. కత్తిపోటు తిన్నవాడి ఇల్లు కూడా అదే గల్లీలో ఉంటుంది, వాళ్ళ ఇంట్లోనూ ఒక తల్లి ఉంటుంది. పెళ్ళాన్ని కొట్టి జైలుకుపోయినవాడు తిరిగొస్తే, ఠాణాలో అతను పెట్టాల్సిన సంతకమే ఆమెకి ఉన్న ఒకే ఒక్క ధైర్యం కావచ్చు. ఈ మెలికలన్నీ ఉన్నాయి కాబట్టే ఇది కథ కావాల్సిన విషయం. నినాదానికి ఈ మెలికలు పట్టవు.

మరి తెలుగు సాహిత్యంలో ముస్లిం ఎవరు? జనగామ తాలూకా కామారెడ్డిగూడెం బందగీ ఉన్నాడు. భూమి కోసం కోర్టుకెక్కి గెలిచి, దొర మనుషుల చేతుల్లో చచ్చినవాడు. సుంకర, వాసిరెడ్డి 1947లో ‘మా భూమి’ నాటకంలో అతన్ని నిలబెట్టారు. అమరుడు కాబట్టి ఎదురుచెప్పకుండా అందరూ గౌరవించారు. తర్వాత సినిమా రౌడీ ఉన్నాడు, గళ్ళలుంగీ, తాయెత్తు, వచ్చీరాని తెలుగు. అతనికి ఇల్లే ఉండదు, డెన్ ఉంటుంది. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’తో మూడో మనిషి వచ్చాడు. ఏ నేరమూ చేయకుండా పుట్టుకతోనే అనుమానితుడైనవాడు. 1998 నాటి ‘జల్‌జలా’ కవులు ఆ గొంతుని ఇంకా బిగ్గరగా వినిపించారు. ఆ గొంతు రావాల్సిందే, వచ్చింది. 2007 మక్కామసీదు పేలుళ్ళ తర్వాత పట్టుకుపోయిన కుర్రాళ్ళు నిర్దోషులుగా బయటపడితే, సర్కారు వాళ్ళకి మంచివాళ్ళని సర్టిఫికెట్లు రాసిచ్చింది. ‘పుట్టుమచ్చ’ ఎంత నిజమో చెప్పడానికి అంతకన్నా సాక్ష్యమేం కావాలి?

కానీ అమరుడు, రౌడీ, నిర్దోషి అనే ఈ ముగ్గురి మధ్యా నాలుగోవాడికి చోటు లేదు. తప్పు చేసినవాడు, శిక్ష తీర్చినవాడు. అతని గురించి రాస్తే ‘చూశారా, మేం ముందే చెప్పాంగా’ అంటారని జంకు. ఒక్కడి నేరం ఖౌమ్ మొత్తానికి అంటుకుంటుందని జంకు. పెద్దకులం ఖైదీకి ఈ బరువు లేదు. అతను తప్పు చేస్తే తప్పు అతనిదే. నిర్దోషి అయితేనే మనిషిగా చూస్తామనేది వాళ్ళు పెట్టిన షరతు. ఆ షరతుకి లోబడి మన కథ రాసుకున్నంతకాలం, మన గల్లీలో సగంమందిని మనమే గల్లీ బయట నిలబెడతాం. జైళ్ళలో ముస్లింల వాటా జనాభాలో వాటా కంటే ఎక్కువగా ఉంటూ వస్తోంది. దేశ జనాభాలో మన వాటా 2011 లెక్కల్లో 14.2 శాతం. ఆ ఎక్కువైనవాళ్ళందరికీ ఇళ్ళున్నాయి.

విచిత్రంగా, కథకులు రాయనిది ఒక జడ్జి రాశాడు. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్‌సింగ్ అనే మనిషి మీద బందిపోటు కేసు సాక్ష్యం లేక పోయినా హిస్టరీషీటు తెరిచి, రాత్రులు తలుపుకొట్టి నిద్రలేపారు. 1962లో సుప్రీంకోర్టు ఆ రాత్రి రాకడలు మాత్రం చెల్లవని, మిగతా నిఘా ఉండొచ్చని తేల్చింది. మన రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావు ఒప్పుకోలేదు. మొత్తం నిఘా నిబంధనే చెల్లదని, ఏకాంతం కూడా స్వేచ్ఛలో భాగమేనని విడిగా రాశాడు. ఆ మైనారిటీ తీర్పే (ఈ మాట మాకు ఇష్టంగానే ఉంది) 2017లో తొమ్మిదిమంది జడ్జీల పుట్టస్వామి తీర్పులో మెజారిటీ మాటయింది. యాభై అయిదేళ్ళు పట్టింది.

2024 మేలో ఇంకో తీర్పు వచ్చింది. ఢిల్లీ ఎమ్మెల్యే అమానతుల్లాఖాన్ హిస్టరీషీటులో ‘బంధువులు, సంబంధాలు’ అన్న చోట బడికిపోయే పిల్లల పేర్లూ భార్య పేరూ రాశారు. ఆశ్రయమిచ్చారన్న రుజువు లేకుండా మైనరు పిల్లల వివరాలు షీటులో ఉండకూడదని ఢిల్లీ పోలీసులు నిబంధన మార్చుకోవాల్సి వచ్చింది. కోర్టు అక్కడితో ఆగలేదు. అన్ని రాష్ట్రాలూ ఇదే దారిలో ఆలోచించాలని తీర్పు ప్రతులు పంపమంది. ఎమ్మెల్యే కాబట్టి ఢిల్లీ దాకా పోగలిగాడు. జనగామ రైల్వేస్టేషన్ ముందు అరటిపండ్ల బండి పెట్టుకునేవాడు, భూపాలపల్లి బొగ్గుబాయిల దగ్గర లారీ క్లీనరు, మానుకోటలో మిర్చిబస్తాలు మోసే హమాలీ — వీళ్ళ షీట్లలో పిల్లల పేర్లు ఉన్నాయో పోయాయో వాళ్ళకి ఎవరు చెప్తారు? షీటు చూపించమని అడిగే వాక్యం ఎట్లా రాయాలో ముందు ఎవరైనా వాళ్ళ కోసం తెలుగులో రాయాలి. ఆ తర్వాత ఆ పిల్లల్లో ఒకరు, తన పేరు మొదటిసారి అచ్చులో కాదు ఠాణా రిజిస్టరులో పడిన సంగతిని రాస్తే, దాన్ని వేయడానికి మన సంకలనంలో పేజీలు ఉంచుతున్నాం.