“మాలపల్లి”: పని నేర్పు, పని హక్కు

యువకులకు చేతిపని నేర్పండి, బతుకుతెరువు దానంతట అదే వస్తుంది అనే మాట మనకు కొత్త కాదు. 1937లో వార్ధా పథకం దీనిని ఒక రీతిగా చెప్పింది. ఆరవ తరగతి నుంచే వృత్తుల పరిచయం కావాలని 2020 నాటి జాతీయ విద్యావిధానం మరొక రీతిగా చెప్పింది. ఈ మాటలో సగం నిజమున్నది. సగం నిజమున్నది గనుకనే దీనిని జాగ్రత్తగా పరీక్షించాలి. మిగిలిన సగమేమిటో గుంటూరు సీమ నవలాకారుడొకరు నూరేళ్ళ క్రిందటే చూపించారు.

ఉన్నవ లక్ష్మీనారాయణగారి “మాలపల్లి” 1922లో వెలువడింది. ఇది గాంధేయ నవలా, సామ్యవాద నవలా అనే తగవు మన విమర్శలో చాలాకాలం సాగింది. ఆ తగవును మరికొంత పొడిగించడం నా ఉద్దేశం కాదు. పని నేర్చుకోవడం గురించి ఈ నవల ఏమి చెబుతున్నదన్నదే నా ప్రశ్న.

సంగదాసుకు పని రాదా? అతడు చౌదరయ్య ఇంట పాలేరు. దుక్కి, కోత, నూర్పిడి అన్నీ తెలిసినవాడు. చదువుమీద మమకారమున్నవాడు. నేటి భాషలో చెప్పాలంటే నైపుణ్యానికి అతనిలో కొదవ లేదు. కొదవగా ఉన్నదల్లా తన పనికి విలువ కట్టే చోట నోరు విప్పే హక్కు. కూలీలను కూడగట్టి ఆ హక్కు అడిగినందుకే చౌదరయ్య చేతిదెబ్బకు ప్రాణం కోల్పోయాడు. పని నేర్చినవాడికి అన్నం దొరుకుతుందనే సూత్రానికి సంగదాసు మరణమే తిరుగులేని జవాబు.

రచయిత అంతటితో ఆగలేదు. భూమి పోయిన రామదాసు కుటుంబాన్ని సెటిల్మెంటు వరకు నడిపించారు. ఇది కేవలం కల్పన కాదు. 1911 నాటి నేరస్థ జాతుల చట్టం క్రింద, 1913లో మన గుంటూరు జిల్లాలోనే, నేటి బాపట్ల జిల్లాలో ఉన్న స్టూవర్టుపురంలో, సాల్వేషన్ ఆర్మీవారు ఎరుకలవారికోసం సెటిల్మెంటు స్థాపించారు. “పని ద్వారా సంస్కరణ” అన్నది దాని ధర్మసూత్రం. ఆచరణలో జరిగిందేమిటి? అక్కడివారిలో అనేకులు చీరాలలోని పొగాకు ఫ్యాక్టరీకి కూలీలయ్యారు. ఊరు విడిచి వెళ్ళాలంటే అనుమతి చీటీ కావాలి. కూలి నచ్చకపోతే మరొక చోటు చూసుకునే స్వేచ్ఛ లేదు. పని నేర్పింది నిజమే. కాని ఆ పని ఎవరికోసమో, ఏ షరతులమీదో అడిగే వీలు లేకుండా నేర్పింది. అటువంటి శిక్షణ శిక్షకు మరోపేరు.

ఇక్కడ 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజగోపాలాచారిగారు తెచ్చిన ప్రాథమిక విద్యాపథకాన్ని తలచుకోవాలి. గ్రామాల పిల్లలు ఒకపూట బడిలో చదవాలి. తక్కిన పూట ఇంటిపట్టున తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవాలి. చెప్పడానికి శ్రమగౌరవం! కాని పాలేరు కొడుకు తండ్రివద్ద నేర్చుకునేదేమిటి? పాలేరుతనమే. కులవిద్య అని జనం దానిని ఎదిరించారు. 1954లో కామరాజు ప్రభుత్వం రద్దు చేసింది. జనం ఎదిరించింది చేతిపనిని కాదు, పుట్టుకనుబట్టి పని నిర్ణయించడాన్ని.

అయితే శ్రమతో కూడిన విద్యను మనం తోసిపుచ్చాలా? అలా అనుకోవడం పొరపాటు. చదువు, వ్యాయామం, ఉత్పత్తి సాంకేతిక జ్ఞానం మూడూ కలిసి సాగాలని 1866లో జెనీవాలో జరిగిన మొదటి ఇంటర్నేషనల్ మహాసభకోసం మార్క్స్ రాశాడు. మకరెంకో 1920లో పోల్తావా వద్ద చేపట్టిన కాలనీలోనూ నేరస్థులని ముద్రపడిన పిల్లలే చేరారు. తరువాత ఖార్కోవ్‌లో ఆయన నడిపిన కమ్యూనులో అటువంటి పిల్లలే ఎఫ్.ఇ.డి. కెమెరాలు తయారుచేశారు. ఆ కమ్యూను రాజకీయ పోలీసుశాఖ ఆజమాయిషీలో ఉండేదన్న సంగతిని దాచనక్కరలేదు. అయినా అక్కడ పిల్లలు పని పంపకం గురించి సభలో మాట్లాడేవారు, ఓటు వేసేవారు. స్టూవర్టుపురంలో లేనిది అదే.

ఉన్నవవారి పరిమితి కూడ ఇక్కడే కనిపిస్తుంది. సంగదాసు పేర సంగపీఠం వెలుస్తుంది. కాని దాని మనుగడకు రామానాయుడి వంటి సహృదయులమీద నవల పెట్టుకున్న ఆశ ఎక్కువ, కూలీల సంఘంమీద పెట్టుకున్న ఆశ తక్కువ. జీవితంలోనూ ఆయన, లక్ష్మీబాయమ్మగారు 1922లోనే గుంటూరులో శారదానికేతనం స్థాపించి, ఆడపిల్లలకు చదువుతోపాటు చేతిపనులకూ చోటిచ్చారు. అది దొడ్డపని. ఇంటి గడప దాటడమే గగనమైన రోజుల్లో కుట్టుపని ఒక ఆడపిల్లకు స్వేచ్ఛ. అదే కుట్టుపని నేడు ఆమెకున్న ఒకే ఒక దారి అయితే, అది మరో గడప.

ఇదంతా పాతకథ అనుకుంటే మిరప చేలవైపు ఒకసారి చూడండి. సంక్రాంతి దాటాక కర్నూలు పడమటి పల్లెలనుంచి కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు, పల్నాడు, ప్రకాశం చేలకు కోతకు వస్తాయి. వెంట బడిపిల్లలూ వస్తారు. కోతల కాలమూ పరీక్షల కాలమూ ఒకటే. కాయ కోయడం, కల్లంలో ఆరబెట్టడం, తాలుకాయ ఏరడం, తొడిమ తీయడం, ఇవన్నీ ఆ పిల్లకు పదేళ్ళకే వచ్చు. ఆమెకు రానిదేమిటి? తూకం ఎవరిదో, కమీషను ఎంతో, యార్డులో టిక్కీ ధర ఎలా తేలుతుందో, కనీస కూలి చట్టం ఏమంటున్నదో. మన వృత్తివిద్యా తరగతుల్లో ఈ పాఠానికి చోటేదీ?

రైతు సంగతీ అంతే. 1987-88లో ఈ జిల్లాల పత్తిరైతులు తెల్లదోమకు పంట పోగొట్టుకుని ప్రాణాలు తీసుకున్నారు. బాపట్లలో వ్యవసాయ కళాశాల 1945 నుంచీ ఉన్నది. లాంలో పరిశోధనా కేంద్రమూ ఉన్నది. అయినా ఏ మందు, ఎంత మోతాదు అని పల్లెలో రైతుకు పాఠం చెప్పినది చాలాచోట్ల మందుల దుకాణమే, అది కూడ అప్పుతో సహా. అమ్మేవాడే గురువైతే శిష్యుడు నేర్చుకునేది కొనడమే.

కనుక మోటారు బాగుచేయడం నేర్పండి, శీతలగిడ్డంగి యంత్రం నడపడం నేర్పండి, విత్తనం మంచిచెడ్డలు ఎంచడం నేర్పండి. దానితోపాటే లెక్క, చట్టం, సంఘం కూడ నేర్పండి. పని నేర్చిన పిల్ల ఆ పని వద్దనుకుంటే పైచదువుకు వెళ్ళే తలుపు తెరిచి ఉంచండి. ఉపాధ్యాయ మిత్రులు “మాలపల్లి”ని తరగతిలో చెప్పేటప్పుడు సంగదాసు మంచితనంతో పాఠం ముగించకుండా, పని వచ్చినవాడు ఎందుకు చనిపోయాడని విద్యార్థులను అడగాలి. ఆ ప్రశ్న అడగనిచ్చే బడే వృత్తివిద్యాలయం. అడగనివ్వనిది, దాని గోడమీద ఏ పేరు రాసి ఉన్నా, సెటిల్మెంటే.