షాఫ్టును నిలబెట్టేదీ సీలే

విజయవాడ పక్కనే ఇబ్రహీంపట్నంలో ఉన్న నార్ల తాతారావు థర్మల్ కేంద్రంలో మొదటి యూనిట్ 1979లో మొదలైంది. ఇప్పుడక్కడ 210 మెగావాట్లవి ఆరు, 500ది ఒకటి, 800ది ఒకటి ఉన్నాయి. చిన్నదైనా పెద్దదైనా టర్బైన్ షాఫ్టు నిమిషానికి 3000 చుట్లు తిరగాల్సిందే. గ్రిడ్‌కు 50 హెర్ట్జ్ కావాలి, అందులో బేరం లేదు.

తిరిగే షాఫ్టుకూ కదలని కేసింగ్‌కూ మధ్య ఖాళీ తప్పదు. 210 మెగావాట్ల టర్బైన్‌లోకి ఆవిరి దాదాపు 535 డిగ్రీల వేడితో, వాతావరణ పీడనానికి వంద రెట్లు దాటిన ఒత్తిడితో వస్తుంది. అది ఆ ఖాళీలోంచి జారిపోకుండా ల్యాబ్రింత్ సీళ్లు పెడతారు. వరుసగా నిలబెట్టిన సన్నని లోహపు అంచులవి. ఒక్కో అంచు దాటినప్పుడల్లా ఆవిరి కొంత ఒత్తిడి కోల్పోతుంది. ఇంతవరకూ చాలామందికి తెలుసు. షాఫ్టు స్థిరత్వం కూడా ఆ అంచుల మీదే ఆధారపడుతుందన్నది అంతగా చెప్పుకోరు.

కవ్వంతో పాటు మజ్జిగ తిరిగినట్టు, షాఫ్టుతో పాటు సీలులోని ఆవిరీ సుడి తిరుగుతుంది. షాఫ్టు నడిమధ్యన ఉంటే చిక్కులేదు. వెంట్రుకవాసి పక్కకు జరిగితే మాత్రం చుట్టూ ఒత్తిడి సమానంగా ఉండదు. ఆ తేడా షాఫ్టును జరిగిన దిశకు అడ్డంగా, సుడి పోయే వైపుకే తోస్తుంది. దాంతో షాఫ్టు తన చుట్టూ తాను తిరుగుతూనే కేంద్రం చుట్టూ ప్రదక్షిణ మొదలుపెడుతుంది. బేరింగుల్లోని ఆయిల్ పొర ఆ ఊపును మింగగలిగితే సరి. లేకపోతే ఊపు పెరుగుతూ పోయి యూనిట్ ట్రిప్ అవుతుంది, సీలు అంచులు రాసుకుని అరిగిపోతాయి.

ఈ జబ్బును గుర్తుపట్టడంలోనే అసలు నేర్పుంది. రోటర్ బరువు ఒక పక్కకు మొగ్గితే వైబ్రేషన్ చుట్టుకొకసారి, అంటే 50 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. సుడి వల్ల వచ్చేది అంతకంటే తక్కువలో, రోటర్ సహజ పౌనఃపున్యం దగ్గర కనిపిస్తుంది. లోడ్ పెంచుతుంటే ఒకచోట హఠాత్తుగా లేస్తుంది, తగ్గిస్తే అణుగుతుంది. దానికి ఎన్ని బ్యాలెన్స్ బరువులు బిగించినా ఉపయోగం లేదు.

ఆవిరి టర్బైన్లలో ఇలాంటి అడ్డతోపును 1958లో జర్మనీలో థామస్ అనే పరిశోధకుడు వివరించాడు. 1965లో అమెరికాలో ఆల్ఫోర్డ్ జెట్ ఇంజన్లకూ అదే చెప్పాడు. 1970ల్లో కెనడాలోని కేబాబ్‌లో, ఉత్తర సముద్రంలోని ఎకోఫిస్క్‌లో భారీ గ్యాస్ కంప్రెసర్లు అస్థిరమై సతాయించాక పరిశోధన జోరందుకుంది. విరుగుడు చూస్తే ఆశ్చర్యమేస్తుంది: సీలు ముందు చిన్న చిన్న రెక్కలు అడ్డంగా నిలబెడితే, లోపలికి వచ్చే సుడి అక్కడే విరిగిపోతుంది. వాటినే స్వర్ల్ బ్రేకులంటారు. తేనెపట్టు గదుల్లాంటి లోహపు సీళ్లు ఇంకో ఉపాయం.

నీటి పంపుల్లో కథ కొంత వేరు. అక్కడ సీలు రింగుల సన్నని ఖాళీలోని నీరు షాఫ్టును మధ్యకు నెట్టి ఆసరా ఇస్తుంది. రింగులు అరిగితే ఆ ఆసరా సడలుతుంది. అందుకే బాయిలర్ ఫీడ్ పంపు రింగుల అరుగుదలను లీకేజీ లెక్కగా మాత్రమే చూడటం పొరపాటు.

ఓవర్‌హాల్‌లో కేసింగ్ ఎత్తి, ఫీలర్ గేజ్‌తో ప్రతి సీలు చుట్టూ ఖాళీ కొలిచే ఫిట్టర్ పనికి నేను పెద్దపీట వేస్తాను. ఖాళీ ఎక్కువైతే ఆవిరి వృథా, తక్కువైతే రాపిడి భయం, ఒక పక్కకు ఒరిగితే అస్థిరత. జె.ఎస్. రావు రాసిన 'రోటర్ డైనమిక్స్' మన దేశంలో 1980ల్లోనే అచ్చయింది. పుస్తకమూ ఉంది, పక్కనే యంత్రాలూ ఉన్నాయి. కృష్ణా డెల్టాలోని ఇంజనీరింగ్ కాలేజీలు మెకానికల్ విద్యార్థులను ఒక్క ఓవర్‌హాల్ సమయంలోనైనా ఇబ్రహీంపట్నం కేంద్రానికి పంపాలి, ఆ ఫిట్టర్ల పక్కన నిలబెట్టి నేర్పించాలి.