ముత్యాల్లాంటి అక్షరాలు, గొలుసుకట్టు రాతలు

ఆడపిల్ల చేతిరాతను మెచ్చుకోవడానికి మన దగ్గర సిద్ధంగా ఒక మాట ఉంది: ముత్యాల్లాంటి అక్షరాలు. విడివిడిగా, గుండ్రంగా, అన్నీ ఒకే ఎత్తులో ఉండాలి. లేకపోతే "కోడి కెలికినట్టుందేమిటే" అంటారు. అదే మగపిల్లాడు కెలికితే "వీడు డాక్టరవుతాడులే" అని నవ్వేస్తారు. ఆడపిల్ల రాత ఎలా కనిపిస్తుందన్నదే ఇన్నాళ్లూ మాట్లాడుకున్నాం. ఎంత వేగంగా సాగుతుంది, దాంతో ఆమె ఏం పని చేసుకోగలుగుతుంది అని అడగలేదు.

ఇప్పుడు ఆ ముత్యాల్ని ఇంగ్లీషులో గుచ్చుతున్నాం. మన ప్రైవేటు బడుల్లో చాలాచోట్ల యూకేజీలోనో ఒకటో తరగతిలోనో కర్సివ్ మొదలవుతుంది. నాలుగు గీతల నోటుబుక్కు, పేజీ నిండా ఒకే అక్షరం. ఇంగ్లీషు అక్షరాలు ఇరవయ్యారే కదా అనుకుంటాం. పెద్దబడి, చిన్నబడి, అచ్చురూపం, కలిపిరాత రూపం అన్నీ కలిపితే పిల్ల గుర్తుంచుకోవలసినవి 104. వాచకంలో చూసే 'ఆర్' ఒకటి, రాయాల్సిన 'ఆర్' ఇంకొకటి. 'ఎస్' సంగతీ అంతే. అసలు అక్షరాల్ని కలిపి రాయడం ఎందుకొచ్చింది? కలం ఎత్తకుండా రాస్తే పని త్వరగా తెములుతుందని. అది గుమాస్తాల అవసరం. బడిలో పిల్ల మాత్రం దాన్ని బొమ్మ గీసినట్టు గీస్తుంది. గీత దాటితే ఎర్రసిరా. వేగం కోసం పుట్టిన రాతను అణకువ నేర్పే పాఠంగా మార్చుకున్నాం.

ఈ పాఠం చెప్పేది బడే అనుకోనక్కర్లేదు. రాత్రి వంట ముగించి, గిన్నెలు కడిగాక తల్లులు చెబుతారు. మా వీధిలోనే అలాంటివాళ్లు చాలామంది ఉన్నారు. ఏడో తరగతి దాకానో పదో తరగతి దాకానో తెలుగు మీడియంలో చదివినవాళ్లు. ఇంగ్లీషు కలిపి రాసే పని వాళ్లకెప్పుడూ పడలేదు. పిల్లచేత దిద్దించడానికి ముందు తాము నేర్చుకుంటున్నారు. పక్కింటావిడ పాలలెక్క రాసుకునే పుస్తకం వెనక పేజీల్లో 'ఎఫ్' దిద్దుకుంటూ కనిపించింది. "ఇంట్లో శ్రద్ధ తీసుకోండి" అని డైరీలో రాసి పంపారట. ఎవరు తీసుకోవాలో బడివాళ్లు రాయనక్కర్లేదు కదా! 2022-23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లోనూ ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది. ఈ రాత్రిబడి ఇంకా ఎన్ని ఇళ్లకి చేరుతుందో ఊహించుకోవచ్చు. ఇంటిచాకిరీ గురించి ఇంత రాసుకున్న మనం కూడా జాబితా చివర 'హోంవర్కు' అని ఒక ముక్క రాసి ఊరుకుంటాం.

తెలుగుకి కలిపిరాత లేదనుకునేవాళ్లున్నారు. ఉండేది. దాని పేరు గొలుసుకట్టు. కరణాలు భూముల లెక్కలు, దస్తావేజులు రాసిన రాత అది. బడి తెలుగులో 'స్త్రీ' అని రాయాలంటే సకారం రాసి, గుడిదీర్ఘం పెట్టి, కిందికి దిగి తవత్తు, దాని పక్కన రవత్తు రాయాలి. గొలుసుకట్టు రాసే చేతికి అంత ఓపిక ఉండదు. అక్షరం అక్షరంలోకి సాగిపోతుంది. మాటకీ మాటకీ మధ్య ఎడం ఉండదు. పరిశోధన కోసం అలాంటి కాగితాలు కొన్ని చూశాను. తెలుగు సాహిత్యంలో డాక్టరేటున్న నాకు ఒక్క పేరా కూడబలుక్కోవడానికి రోజంతా పట్టింది.

ఆ రాత తెలిసినవాళ్లకే తెలుస్తుంది. అందులోనే దాని అధికారం ఉంది. ఊళ్లో ఏ చేను ఎవరి పేర ఉందో ఆ మెలికల్లోనే ఉండేది. మెలికలు తెలిసినవాడు మగవాడు, అందులోనూ ఎక్కువగా పైకులాలవాడు. పసుపుకుంకుమ కింద ఇచ్చిన పొలాన్ని అమ్ముకునే స్త్రీ ఆ కాగితం కింద వేలిముద్ర వేసేది. ఆమె దేనికి ఒప్పుకుందో చదివి వినిపించేదీ రాసినవాడే. భారతం, భాగవతం అచ్చులో చదవగలిగిన ఆవిడకైనా తన పొలం కాగితం చదవడం కుదిరేది కాదు. స్త్రీల అక్షరాస్యత చరిత్ర రాసేటప్పుడు 'చదువు వచ్చిందా, రాలేదా' అని అడిగితే చాలదు. ఏ రాత వచ్చింది అని అడగాలి. 1984లో గ్రామాధికారుల పదవులు రద్దయ్యాయి. ఆ రాత కూడా దాదాపు వాళ్లతోనే పోయింది. పోయినందుకు నాకు దిగులేమీ లేదు.

చదవడం, రాయడం ఒకటి కాదని 19వ శతాబ్దపు బెంగాలీ రచయిత్రి రాస్‌సుందరీ దేవి ఆత్మకథ 'అమార్ జీబన్' చదివితే తెలుస్తుంది. చైతన్య భాగవతం పుట ఒకటి, కొడుకు రాసిన తాటాకు ఒకటి వంటింట్లో దాచుకుని, రెంటినీ పోల్చుకుంటూ ఆమె చదవడం నేర్చుకుంది. రాయడం చాలా ఏళ్ల తర్వాత గాని రాలేదు. ఉత్తరాలకు జవాబెందుకు రాయవని ఇంకో కొడుకు అడిగేదాకా. చదవడాన్ని పొయ్యి ముందు దొంగతనంగా నేర్చుకోవచ్చు. రాయడానికి కాగితం, సిరా, కూచునే చోటు, కాసేపు ఖాళీగా ఉండే చేతులు కావాలి.

మన కథల్లో రాసే స్త్రీ అనగానే గుర్తొచ్చేది గురజాడ 'దిద్దుబాటు' (1910). కమలిని ఉత్తరం రాసిపెట్టి మంచం కింద దాక్కుంటుంది. భర్తను దిద్దిన భార్య కథగా దీన్ని చదివాం. దిద్దడమంటే తప్పు సరిచేయడమే కాదు, ఇంకొకరు రాసిపెట్టిన అక్షరం మీద మళ్లీ రాయడం కూడా. సంస్కర్తల్లో చాలామంది ఆడవాళ్ల చదువు ఈ రెండో అర్థం దగ్గరే ఆగాలనుకున్నారు. కమలిని అది దాటింది. అయితే ఆ దాటడం మంచం కింది నవ్వుతో తేలిపోవడం నాకెప్పుడూ వెలితిగానే ఉంటుంది. ఉత్తరంలో చెప్పినట్టు ఆమె నిజంగా వెళ్లిపోయి ఉంటే ఆ కథ అందరికీ ఇంత ముద్దొచ్చేదా?

ఫిన్లండ్ 2016లో కలిపిరాతను తప్పనిసరి పాఠాల్లోంచి తీసేసింది. కాలిఫోర్నియా 2024లో మళ్లీ తెచ్చుకుంది. మన దగ్గర ఆ చర్చే లేదు. ఉంచాలా తీసేయాలా అన్నదానికంటే ముందు తేల్చుకోవలసింది, ఆ రాత పిల్ల చేతికి ఏమిస్తోందన్నది. నేను డిగ్రీ విద్యార్థుల జవాబుపత్రాలు దిద్దుతుంటాను. స్కేలుతో కొట్టిన మార్జిన్లు, రెండు రంగుల శీర్షికలు, ఎక్కడా కొట్టివేత లేని పేజీలు, ఆఖరి ప్రశ్నకు రెండు వాక్యాలు రాసి మూడోదాని మధ్యలో ఆగిపోయిన రాత. అలాంటివి ఎక్కువగా అమ్మాయిలవే.